రెండో పెట్టె

విజయనగరం గంటస్తంభానికి కాస్త ఎడంగా, ఒక పెంకుటింటి వాకిట్లో 1959 నాటి అంబాసిడర్ ఉంది. ఇంటాయన రిటైరైన హెడ్మాస్టారు. వీధిలో అందరికీ ‘మేష్టారు’. రోజూ పొద్దున్నే కాఫీ తాగి, బనీను మీదే వచ్చి కారు తుడుస్తారు. ముందు అద్దం, తర్వాత బానెట్టు, చివర్న డ్యాష్‌బోర్డు. అక్కడ మాత్రం ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగేది. మధ్యలో రేడియో ఉండాల్సిన చోట నలుపు రంగేసిన రేకుబిళ్ల. నాలుగు మరలు. అంతే!

ఆ రేడియో వాళ్ల నాన్నగారిది. ఆయన పార్వతీపురంలో డాక్టరు. సాలూరో, బొబ్బిలో రాత్రి కేసుకు వెళ్లి వస్తూ ఏ చింతచెట్టు కిందో కారాపి వార్తలు వినేవారు. విజయవాడ కేంద్రం 1948 నుంచీ ఉంది. 1963లో విశాఖపట్నం కేంద్రం కూడా వచ్చాక ఇక చెప్పేదేముంది! రేడియో సిలోన్ తెలుగు పాటలకు మాత్రం ఇంటికి రావల్సిందే. అవి షార్ట్‌వేవ్‌లో వచ్చేవి, కారు సెట్టుకి ఆ బ్యాండు లేదు. రేడియోకి లైసెన్సు ఉండాల్సిన రోజులవి. ఏటా పోస్టాఫీసుకెళ్లి డబ్బు కట్టి పుస్తకం మీద ముద్ర వేయించుకునేవారు. ఆ ముద్రల పుస్తకం ఇప్పటికీ మేష్టారి ట్రంకుపెట్టెలో ఉంది. 1980ల మధ్యలో లైసెన్సులు ఎత్తేశారు. అప్పటికే ఆ రేడియో లేదు.

1976లో చిన్నబ్బాయి పైచదువుకి ఇంగ్లండ్ బయల్దేరాడు. తల్లి గాజులు అమ్మినా విమానం టికెట్‌కు కాస్త లోటు పడింది. ఆ కాస్తకీ డాక్టరుగారు రేడియో ఊడదీసి అమ్మేశారు. తమ్ముడికి చెప్పొద్దని పెద్దకొడుకు దగ్గర మాట తీసుకున్నారు. మేష్టారు ఆ మాట ముప్ఫై ఆరేళ్లు నిలబెట్టుకున్నారు.

2012లో మేష్టారికి రేకుబిళ్ల తీసేయాలనిపించింది. ఏదో ఒక రేడియో పెడితే సరిపోదు. ఆ కారుకి, ఆ కాలానిదే కావాలి. ఆ పట్టుదల చాదస్తంలా కనబడుతుంది కానీ, పాత కార్ల ప్రేమికులందరికీ ఉన్నదే. నాన్నగారి కాగితాల్లో బిల్లు దొరికింది. స్వదేశం వెళ్లిపోతున్న ఒక ఇంగ్లీషాయన దగ్గర కలకత్తాలో కొన్నది. రేడియోమొబైల్ కంపెనీది. స్మిత్స్ సంస్థా, కుక్కబొమ్మ హెచ్‌ఎంవీ వాళ్ల గ్రామఫోన్ కంపెనీ కలిసి పెట్టిన సంస్థ అది. బ్రిటిష్ కార్లలో తరచూ కనిపించే పేరు. అంబాసిడర్ అంటే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసే కాబట్టి అందులో ఆ రేడియో పక్కాగా నప్పుతుంది.

మనదేశంలో వెతికితే దొరకలేదు. చివరికి ఇంగ్లండ్‌లోని తమ్ముడికి ఫోన్ చేశారు.

‘‘ఈ వయసులో అదేం సరదా అన్నయ్యా? అయినా నాన్నగారి రేడియో ఉండేదిగా! ఏమైంది?’’

మేష్టారు మాట మార్చేశారు. కానీ చెల్లెలు ఊరుకోలేదు. ఎవరికీ మాటివ్వలేదు కాబట్టి చెప్పేసింది. ఆ తర్వాత రెండు వారాలు తమ్ముడి దగ్గర్నుంచి ఫోన్ లేదు.

ఇంగ్లండ్‌లో హాంప్‌షైర్‌లోని బ్యూలీ అనే ఊళ్లో ఏటా సెప్టెంబరులో పాత కారు సామాన్ల సంత జరుగుతుంది. 1967లో మొదలైంది. మన ఊళ్లలో వారపు సంతల్లాగే నేల మీద పట్టాలు పరిచి హెడ్‌లైట్లు, హారన్లు, తుప్పు పట్టిన కార్బురేటర్లు అమ్ముతారు. కారంటే స్టీరింగు తప్ప ఏమీ తెలియని తమ్ముడు, బిల్లు మీది మోడల్ నంబరు రాసుకున్న చీటీ పట్టుకుని ఆ బురదలో ఒకరోజంతా తిరిగాడు. దొరికింది! డిసెంబరులో వస్తూ తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. క్రోమియం మెరుస్తోంది. రెండు గుండీలు, మధ్యలో డయలు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు.

ఊళ్లోని రేడియో మెకానిక్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘‘మేష్టారూ, ఇది సగవేనండి. రెండో పెట్టేదండీ?’’ అన్నాడు.

అమ్మినవాడు ఆ సంగతి చెప్పలేదు. ఆ రోజుల్లో వాల్వు రేడియోలు కొన్ని రెండు పెట్టెలుగా వచ్చేవి. డ్యాష్‌బోర్డులో కనబడేది ఒకటి. కరెంటు సంగతి చూసేది ఇంకోటి, లోపలెక్కడో దాగి ఉంటుంది. వాల్వులకి రెండొందల వోల్టులకు పైగా కావాలి. కారు బ్యాటరీ ఇచ్చేది పన్నెండే. అందుకని ఆ పెట్టెలో వైబ్రేటర్ అనే చిన్న డబ్బీ ఉంటుంది. అందులో సన్నటి రేకు సెకనుకి సుమారు వందసార్లు కొట్టుకుంటూ కరెంటుని ముక్కలు చేస్తే, ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ పెంచుతుంది. రేడియో పెట్టగానే కందిరీగలా జుయ్ మనేది అదే.

‘‘ఈ డొల్లలో కొత్త సామాను పెట్టించేద్దాం నాన్నా. ఎఫ్‌ఎం, బ్లూటూత్ అన్నీ వస్తాయి’’ అన్నాడు మేష్టారి అబ్బాయి. ఇంగ్లండ్‌లోనే అలా మార్చిచ్చేవాళ్లున్నారు. తప్పూ కాదు. మేష్టారు మాత్రం వినిపించుకోలేదు.

రెండో పెట్టె కోసం తమ్ముడు మరుసటేడు మళ్లీ ఆ సంతకెళ్లాడు. ఈసారి పార్సిల్లో పంపాడు. పోస్ట్‌మేన్ పెట్టెతోపాటు సుంకం చీటీ కూడా తెచ్చాడు. కస్టమ్స్‌వాళ్లు వస్తువు ధరకే కాదు, పంపిన ఖర్చుని కూడా కలిపి సుంకం వేస్తారు. పెట్టె బరువెక్కువ, ధర తక్కువ! ‘‘పావలా కోడికి ముప్పావలా మసాలా’’ అంటూనే మేష్టారి భార్య బీరువాలోంచి డబ్బు తీసిచ్చింది.

మెకానిక్ వారం రోజులు కూర్చున్నాడు. ఎండిపోయిన కాగితం కండెన్సర్లు తీసి కొత్తవి వేశాడు. ఆనాటి బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్ వైరుని బాడీకి కలిపేవారు. తర్వాతి కార్లలో నెగెటివ్‌ని కలుపుతారు. చూసుకోకుండా కలిపితే ఏళ్ల శ్రమ చిటికెలో బూడిద. రెండుసార్లు మీటరు పెట్టి చూశాకే ఫ్యూజు బిగించాడు. అర నిమిషానికి వాల్వులు వేడెక్కాయి. వచ్చింది గురగుర! వీధిలోని ట్యూబులైట్లు, ఛార్జర్లు అన్నీ కలిసి చేసే రొద. దాని వెనకెక్కడో సన్నగా విశాఖపట్నం, చీకటిపడ్డాక కటక్. లాంగ్‌వేవ్ మీటకైతే ఏమీ రాదు. మనదేశంలో ఆ బ్యాండు మీద స్టేషనే లేదు. అయినా మేష్టారు దాన్నీ రోజూ ఒకసారి నొక్కేవారు.

(ఆ తర్వాత 2021లో కేంద్రం యాభై ఏళ్లు దాటిన బండ్లకు ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదన్నారు. రేడియో ఊసే లేదు. మేష్టారు పడ్డ తాపత్రయం ఏ రూలు కోసమూ కాదన్నమాట!)

2014 అక్టోబరు 12, ఆదివారం. దసరా, పైడితల్లి సిరిమాను సంబరం అయ్యి ఊరు ఇంకా తేరుకోకముందే హుద్‌హుద్ వచ్చి పడింది. విశాఖ దగ్గర తీరం దాటింది. రాత్రి తెల్లారేసరికి విజయనగరంలో చెట్లు, స్తంభాలు నేలమీదున్నాయి. కరెంటు లేదు. సెల్‌ఫోన్లు మూగబోయాయి. పక్క ఊళ్లో కూతురు ఎలా ఉందో, విశాఖలో కొడుకు ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. ఫోన్లలో ఎఫ్‌ఎం ఉంది కానీ ఛార్జింగ్ లేదు.

మర్నాడు సాయంత్రం మేష్టారు వాకిట్లో కొమ్మలు తొలగించి కారెక్కి గుండీ తిప్పారు. జుయ్... అర నిమిషం... నాలుగొందల కిలోమీటర్ల దూరంలోని విజయవాడ కేంద్రం పక్కింట్లో మాట్లాడుతున్నట్టు వినబడింది! వింతేం లేదు. చీకటిపడ్డాక మీడియంవేవ్ తరంగాలు ఆకాశాన్ని తాకి దూరాలకు దిగుతాయి. పైగా ఊరంతా కరెంటు పోయింది కదా, రొద చేసే ట్యూబులైటు ఒక్కటీ లేదు. ఆ రేడియో అంత శుభ్రంగా అంతకుముందెన్నడూ పలకలేదు.

వీధి వీధంతా కారు చుట్టూ మూగింది. ముసలమ్మలకు వెనక సీటు ఇచ్చారు. కానీ వాల్వు రేడియో మూడు నాలుగు ఆంపియర్లు తాగుతుంది. ఇంజను నడిపి ఛార్జి చేద్దామంటే పెట్రోలుకి కటకట. అందుకే మేష్టారు లెక్కగట్టారు. రోజూ సాయంత్రం వార్తలు మాత్రమే. పాట మొదలవగానే ఆపేసేవారు. ‘‘ఒక్క పాట మేష్టారూ’’ అని కుర్రాళ్లు బతిమాలినా సరే, హెడ్మాస్టారు హెడ్మాస్టారే.

అయిదో రోజు సాయంత్రం జనం మధ్యలో ఉండగా మేష్టారి జేబులో ఫోన్ మోగింది. అందరూ ఉలిక్కిపడ్డారు. సిగ్నల్ వచ్చింది! అవతల తమ్ముడు. అయిదు రోజుల్నుంచీ నంబరు నొక్కుతూనే ఉన్నాడట. గొంతు పూడుకుపోయి ఉంది.

‘‘అన్నయ్యా, బాగున్నారా? అందరూ ఉన్నారా?’’

‘‘ఉన్నాం, ఉన్నాం. ఉండరా, వార్తలవుతున్నాయి’’ అన్నారు మేష్టారు, ఫోన్‌ని స్పీకరు దగ్గరగా పట్టుకుని.