గోడమీది పచ్చ దెయ్యం

మందు చుక్క కూడా ముట్టని నాకు మందు సీసాల పాత పోస్టర్లంటే పిచ్చి. చెబితే ఎవరూ నమ్మరు!

ఉద్యోగరీత్యా పారిస్‌లో ఉన్నప్పుడు పట్టుకుందీ పిచ్చి. ఆదివారమొస్తే శివార్లలోని సెంటువాన్ పాత వస్తువుల సంతకు పరుగే. మొదట్లో ఓ దుకాణదారు నారింజ తొక్కలో చుట్టుకున్న కోణంగి బొమ్మ, 1921 నాటి కాంపారి పోస్టరంటూ నకలు అంటగట్టాడు. అప్పట్నుంచీ జేబులో భూతద్దం ఉండాల్సిందే. ఈకాలం నకళ్లలో రంగులు సన్నటి చుక్కల వరసలుగా కనిపిస్తాయి. ఒక్కో రంగుకూ ఒక్కో రాయి వాడి అచ్చేసిన అసలు పోస్టర్లో ఆ వరసలుండవు.

వాటిలో నా ప్రాణం కప్పియెల్లో 1906లో గీసిన 'మొరాం కినా' పోస్టరు. నల్లటి నేపథ్యంలో ఆకుపచ్చ దెయ్యం నవ్వుతూ సీసా మూత తీస్తుంటుంది. ఐదడుగుల పైన ఎత్తు. గోడకు అంటించి పారేసే పల్చటి కాగితం... గుడ్డ మీద అతికించి ఉంది కాబట్టి నిలిచింది. నెలల తరబడి కూడబెట్టి కొన్నాను.

హైదరాబాద్ వచ్చేశాక అన్నిటినీ హాల్లో తగిలించాను. నెల్లూరు జిల్లా నుంచి అమ్మ వస్తోందనగానే గుండెల్లో రాయి పడింది. సారా కోసం నాన్న మూడెకరాలు అమ్మేశాడు. 1992లో దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డారని తెలిసి, మా ఊళ్లో సారా కొట్టు ముందు బైఠాయించిన వాళ్లలో అమ్మా ఉంది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. అప్పటికే నాన్న లేడు.

దించేద్దామనుకునేలోపే అమ్మ వచ్చేసింది. గ్లాసులెత్తి నవ్వుతున్న దొరసానుల్ని ఒక్కొక్కరినే చూసింది. ఏమీ అనలేదు. పచ్చ దెయ్యం దగ్గర మాత్రం ఆగిపోయింది.

"ఏందిరా ఇది?"

"మందు అమ్ముకోడానికి వేసిన బొమ్మమ్మా. వందేళ్ల పైనే అయింది" అన్నాను తలొంచుకుని.

చాలాసేపు చూసి, "అవన్నీ అబద్ధాలు. వీడొక్కడే నిజం గీశాడు. మూత తీసేదెవరో చూపించాడు" అంది. "ఇది ఉండనీ. పిల్లలు చూడాల."

మిగతావి ఆ రాత్రే పెట్టెలోకి వెళ్లిపోయాయి. దెయ్యం మాత్రం గోడమీదే ఉంది. ఇంటికొచ్చిన వాళ్లు దాని ఖరీదెంతని అడుగుతుంటారు.

మూడెకరాలని చెబుతాను.