కంపెనీదా, బయటిదా?

అద్దం అన్న ఒక్క మాటతో తెలుగువాళ్లం రెండు పనులు చేయించుకుంటాం. మన ముఖం మనం చూసుకునేదీ అద్దమే, అవతల ఏముందో చూసేదీ అద్దమే. ముప్పైయైదేళ్లు పిల్లలకు తెలుగు చెప్పిన నాకు ఈ సంగతి ఎన్నడూ తట్టలేదు. మా కారు ముందద్దం పగిలి, దాని స్థానంలో ఏది వేయించాలో తేలక పదిరోజులు కొట్టుమిట్టాడినప్పుడు తట్టింది. మిత్రులలో ఎందరికి కార్లున్నాయో నాకు తెలియదు. ఉన్నవారికి పనికిరావచ్చు, లేనివారికి కాలక్షేపం.

2025 జులైలో హనుమాన్ జంక్షన్ నుంచి గన్నవరం వస్తున్నాం. తేలప్రోలు దాటాక మా ముందొక టిప్పరు, నిండా కంకర పోసుకుని, పైన పట్టా అయినా కప్పకుండా పోతోంది. అటువంటి బండికి దూరంగా ఉండాలన్న ఇంగితం నాకుండాలి. లేకపోయింది. టప్పున చప్పుడైంది. చూస్తే అద్దానికి ఎడమవైపు, సరిగ్గా మా ఆవిడ ముఖానికెదురుగా, శనగగింజంత నక్షత్రం.

ఇంతేగదా అని ఊరుకున్నాను. రూపాయి బిళ్ల కంటె చిన్న గాటైతే, వెంటనే చూపిస్తే, అందులోకి ఒక రకం జిగురు ఎక్కించి పగులు పాకకుండా ఆపవచ్చునట. నాకది తరువాత తెలిసింది. ఆగస్టు చివర, రెండు వానల మధ్య విరగకాసిన ఎండలో గంటసేపు నిలిపి ఉంచిన కారెక్కి, ఏసీని చివరికంటా తిప్పాను. బయట కాలుతున్న గాజు లోపలినుంచి చల్లబడసాగింది. మేమిద్దరం చూస్తుండగానే ఆ నక్షత్రానికి తోక మొలిచింది. జానెడు, ఆపైన మూరెడు. తోకచుక్కే మరి.

మా ఆవిడ చప్పున కళ్లు మూసుకుని, చెంగుతో ముఖం కప్పుకుంది. ఎందుకో నాకు తెలుసు.

1988లో మాకు పెళ్లయిన కొత్త. గుడివాడ నుంచి బంధువుల పెళ్లికి అద్దె అంబాసిడరులో వెళుతున్నాం. డ్రైవరు పక్కన నేను, నా పక్కన కిటికీ వైపు ఆవిడ. ఎదురు లారీ చక్రం కింద నుంచి ఒక రాయి లేచింది. అంతే, ఎదురుగా ఉన్న లోకమంతా ఒక్కసారిగా తెల్లబడిపోయింది. ఆనాటి ముందద్దాలు చాలావరకు గట్టిపరచిన ఒంటి పలక గాజు. దెబ్బ ఎక్కడ తగిలినా పలకంతా ఏకకాలంలో వేయి ముక్కలై, ఆ ముక్కలు ఒకదానినొకటి పట్టుకుని నిలబడతాయి. వాటిలోంచి ఏమీ కనిపించదు. డ్రైవరు భుజం మీది తువ్వాలు పిడికిలికి చుట్టి, ఒక్క గుద్దు గుద్ది, ఆ కంతలోంచి చూస్తూ బండిని పక్కకు తీశాడు. కల్లుప్పు రాశి పోసినట్టు గాజు మా ఒళ్లోకి జారింది. మా ఆవిడ ఎడమ కనుబొమ మీద చిన్న గీత నేటికీ ఉంది. కన్ను దక్కింది.

తరువాతి కాలంలో ముందద్దం లామినేటెడ్ గాజుతోనే ఉండాలన్న నియమం వచ్చింది. రెండు పలకల నడుమ పల్చని ప్లాస్టిక్ పొర పెట్టి, వేడితో, ఒత్తిడితో మూడింటినీ ఒకటి చేస్తారు. పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉంటాయి, చూపు పూర్తిగా పోదు. ఫ్రాన్సులో ఎడ్వార్డ్ బెనెడిక్టస్ అనే ఆయన చేతినుంచి 1903లో ఒక గాజు కుప్పె జారిపడి, పగిలి కూడా చెదరలేదట. లోపల ఎప్పుడో ఎండిపోయిన సెల్యులోజ్ ద్రావకం పొరగా పట్టుకుని ఉంది. 1909లో ఆయన దానికి పేటెంటు పొందాడు. మా ఆవిడ కళ్లముందు పగులు మూరెడు పాకినా ఒక్క రవ్వ కూడా ఒళ్లో పడకపోవడానికి మూలం ఆ కుప్పె.

సరే, అద్దం మార్చాలి. ఏది వేయించాలి?

మొదట కారు కొన్నచోట అడిగాను. ఏడువేల రెండువందలు, వారం పడుతుందన్నారు. డల్లాసులో ఉన్న మా అబ్బాయికి ఫోనులో చెబితే, "నాన్నా, ఒరిజినల్ తప్ప వేయించకండి, డబ్బు నేను పంపిస్తాను" అన్నాడు. వాడి అనుభవం వాడిది. వడగళ్లవానకు వాడి కారద్దం పోయింది. ఆ అద్దం వెనక, రోడ్డు మీది గీతలను చూసి బండికి చెప్పే కెమెరా ఒకటి ఉందట. అద్దం మారిస్తే ఆ కెమెరా చూపును మళ్లీ సరిచేయించాలి, గాజు వంపులో వెంట్రుకవాసి తేడా వచ్చినా అది తప్పు చూస్తుంది. అటువంటి కారుకు కంపెనీది వేయించడమే తెలివి. మాది 2022లో కొన్న చిన్న మారుతి. దానికి ఉన్న కెమెరాలు నా రెండు కళ్లే, వాటిలో ఒకటి ఇప్పటికే మరమ్మతయింది.

ఇన్సూరెన్సు ఉంది కదా అని మీరు అడగవచ్చు. నేనూ అనుకున్నాను. మన దేశపు మోటారు పాలసీలలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగం విలువ కోస్తారు గాని, గాజుకు తరుగుదల కోయరు. మొదటి వెయ్యి రూపాయలు మనం పెట్టుకుంటే చాలు. అంటే ఆరువేల రెండువందలు వాళ్లిస్తారు. అయితే మూడేళ్లు క్లెయిము చేయనందుకు నాకు 35 శాతం రాయితీ వస్తోంది. వచ్చే ఏడాది అది 45, ఆపైన 50. ఒక్క క్లెయిము చేస్తే మళ్లీ సున్న నుంచి 20, 25, 35, 45 అని మెట్లెక్కాలి. కాగితం తీసుకుని లెక్క వేశాను. ఐదేళ్లలో పోగొట్టుకునేది 45, 30, 25, 15, 5, వెరసి 120 శాతం. సొంత నష్టానికి కట్టే భాగం ఏటా ఆరువేలనుకుంటే ఏడువేల రెండువందలు. ఆ రాయితీని కాపాడే అదనపు పాలసీ ఒకటి ఉంటుందట, నేను తీసుకోలేదు. ఆరువేల రెండువందల కోసం ఏడువేల రెండువందలు వదులుకోవడం తెలుగు పండితుడికి కూడా తప్పుగానే తోచింది.

అప్పుడు ఆటోనగర్ వెళ్లాం. బెజవాడ జవహర్ ఆటోనగర్ గురించి ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కరలేదు. తక్కినవారికి ఒక్కమాట: ఉత్త చట్రంగా వచ్చిన లారీకి ఒళ్లు, రంగు, అద్దం, వెనక రాసే సామెతతో సహా అక్కడే అమరుతాయి.

'ఆఫ్టర్ మార్కెట్' అన్న మాటను తెలుగు చేయాలని దారిలో చాలా ప్రయత్నించాను. అనంతర విపణి అంటే నాకే నవ్వొచ్చింది. ఆటోనగర్లో దానికి చక్కని మాట ఎప్పటినుంచో ఉంది. ఇది కంపెనీది, ఇది బయటిది. అంతే!

అద్దాల కొట్టులో పని చూసే మనిషికి యాభై దాటి ఉంటాయి. వేళ్ల కొసలకు ఎన్నటికీ వదలని నల్లటి జిగురు. గోడకు చేరవేసిన మూడు అద్దాలు చూపాడు.

"ఇది కంపెనీ పెట్టెలో వచ్చిందండి మాస్టారూ. ఇది బయటిదే గాని, కంపెనీకి అద్దాలు చేసిచ్చేవాళ్లదేనండి, కారు గుర్తు ఉండదంతే. ఆ మూడోదాని సంగతి నన్నడగొద్దు. అడిగేవాళ్లున్నారు కాబట్టి పెట్టుకున్నాం."

కార్లు చేసేవారు అద్దాలు తామే పోతపోసుకోరన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. మన దేశంలో అసాహి ఇండియా అన్న సంస్థ ఒకటుంది. అందులో మారుతికి కూడా వాటా ఉంది. సెకురిట్ అన్న పేరు మీరు అద్దాల మూలన చూసే ఉంటారు, అది సాంగొబాఁ వారిది. ఆ సంస్థ 1665లో పద్నాలుగో లూయీ కాలంలో పుట్టి వెర్సాయి రాజప్రాసాదానికి అద్దాలు చేసింది. ఇటువంటివారు చేసిన పలక మీద కారు గుర్తు పడితే కంపెనీది, పడకపోతే బయటిది. అలాగని ఒకే పేరున్నవన్నీ ఒకటేనని కాదు. చప్పుడు తగ్గించే పొరో, పైన నీడపట్టీయో, కెమెరా తగిలించే కొక్కెమో ఒకదానిలో ఉండి ఇంకొకదానిలో లేకపోవచ్చు. మన పాత అద్దం పక్కన పెట్టి పోల్చుకోవాలి.

నాకు తాళపత్రాలు గుర్తుకొచ్చాయి. కవి స్వహస్తంతో రాసిన ప్రతి మనకు ఎక్కడ దొరుకుతుంది? లేఖకులు ఎత్తిరాసుకున్న ప్రతులే దిక్కు. మంచి లేఖకుడి ప్రతిని ఎవరూ నకిలీ అనరు. నకిలీ అంటే ప్రక్షిప్తం, ఎవరో రాసి ఇంకొకరి మకుటం తగిలించినది. బ్రౌను దొర వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించే ముందు కుప్పలుగా ప్రతులు తెప్పించి ఏరుకున్నది ఈ బాధతోనే. ఆ కొట్టులో రెండో అద్దం మంచి లేఖకుడి ప్రతి. తన పేరు తాను చెప్పుకుంటోంది. మూడోది వేరు, దాని మూలన అక్షరాలున్నాయి గాని వేలితో రాస్తే చెరిగేట్టున్నాయి. భద్రత గాజుకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 2553. ఆ అంకె కోసం రెండు కళ్లద్దాలు మార్చి వెతికాను, దాని మీద కనిపించలేదు.

"పేరు సంగతి అట్టా ఉంచండి. దీంట్లోంచి ఆ కరెంటు స్తంభం చూడండి. చూస్తా తల పక్కకు జరపండి" అన్నాడతను.

మొదటి రెండింటిలో స్తంభం స్తంభంలాగే నిలబడింది. మూడోదానిలో అంచు దగ్గరికి వచ్చేసరికి పాములా మెలిక తిరిగింది. రాత్రిపూట హైవే మీద ఎదురు లైట్లు ఆ మెలికలో పడితే ఏమవుతుందో నేను ఊహించుకోగలను. శుక్లాల ఆపరేషను కాకముందు రెండేళ్లు నేను లోకాన్ని అలాగే చూశాను. అన్నట్టు, ఆ ఆపరేషనులోనూ ఇదే ప్రశ్న ఎదురైంది, విదేశీ కటకమా, మన దేశపుదా అని. మదురైలో ఆరోల్యాబ్ వారు 1992 నుంచి కటకాలు చేయసాగాక వాటి ధర ఎంతో దిగివచ్చింది. మనదే వేయించుకున్నాను. ఇది టైపు చేస్తున్నది ఆ కంటితోనే.

మూడోది రెండువేల ఎనిమిదివందలు, రెండోది నాలుగువేల ఐదువందలు, కూలితో సహా. రెండోదే వేయమన్నాను. కాస్త రంగున్నది కావాలా అని కుర్రాడొకడు అడిగాడు. ముందద్దం గుండా కనీసం 70 శాతం వెలుగు రావాలన్నది నియమం. ఈ వయసులో నాకు వందకు వందా కావాలి, వద్దన్నాను.

ఇక్కడితో నా ప్రశ్న తీరిందనుకున్నాను. అసలు ప్రశ్న అది కాదని ఆ తరువాతి గంటలో తెలిసింది.

సన్నని ఉక్కుతీగను అంచులోకి దూర్చి, ఒకడు లోపల, ఒకడు బయట కూర్చుని రంపంలా లాగి పాత అద్దాన్ని ఊడదీశారు. ఆ చట్రంలో ఒకచోట తీగ గీసుకుని రంగు లేచింది. వేరే కొట్లలో దాని మీదే జిగురు పూసేస్తారట. ఇతను ఆగి, గీరి, తుడిచి, ప్రైమరు పూసి, అది ఆరేదాకా బీడీ తాగి వచ్చాడు. ఆ గీతలో తుప్పు మొదలైతే రెండేళ్లకు జిగురు ఇనుమును వదిలేస్తుందన్నాడు. ఆపైన నల్లటి జిగురును ఎక్కడా తెగకుండా ఒకే వత్తిగా చుట్టూ పెట్టి, రబ్బరు కప్పులతో అద్దాన్ని ఎత్తి, ఇద్దరూ ఊపిరి బిగబట్టి దించారు. పైన టేపులు అంటించారు. అప్పటికి సాయంత్రం ఐదు.

"రేపు పొద్దున రండి మాస్టారూ" అన్నాడు.

"అంటుకుంది కదయ్యా, మెల్లగా నడుపుకుపోతాను. ఇరవై కిలోమీటర్లే గదా."

అతను నాకు జవాబు చెప్పలేదు. మా ఆవిడ వైపు తిరిగాడు.

"అమ్మగారూ, మీరు ముందు సీట్లోనే కూర్చుంటారా?"

ఆవిడ అవునంది. మోకాళ్ల నొప్పులతో వెనక సీటులోకి దూరలేదు.

"మీ ముందు గాలి సంచి ఉందండి. గుద్దుకుంటే అది లేచి ఈ అద్దానికి వీపు ఆనించుకుని నిలబడాలి. జిగురు ఆరకపోతే అద్దం బయటికి పోద్ది, సంచీ దాంతోనే పోద్ది. మీకు అడ్డం ఏమీ ఉండదు. కంపెనీదేసినా అంతే, బయటిదేసినా అంతే. బండి బోల్తా పడితే పైకప్పును ఆపేదాంట్లో కూడా ఈ అద్దానికి వాటా ఉందండి. జిగురు డబ్బా మీద గంటలు రాసుంటాయి. ఈ ముసురులో నేను ఇంకో నాలుగు కలుపుకుంటా."

మా ఆవిడ ఎడమచేయి తనకు తెలియకుండానే కనుబొమ మీదికి పోయింది. నేను తాళాలు అతని చేతిలో పెట్టాను. పదిరోజులుగా గాజు మీది పేరు గురించి ఆలోచించాను గాని, దానిని పట్టి ఉంచేది ఏమిటో ఒక్కసారీ అడగలేదు.

రామవరప్పాడు రింగు దాకా ఆటోలో వచ్చి, గన్నవరం సిటీ బస్సెక్కాం. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు కదా, ఆవిడ ఆధార్ కార్డు చూపి సున్నా టిక్కెట్టు తీసుకుంది, నేను డబ్బిచ్చి తీసుకున్నాను. కిటికీ అద్దం సగానికి పైకి లేవకుండా బిగుసుకుపోయింది. ఎనికేపాడు దాటేదాకా జల్లు మీద పడుతూనే ఉంది. "దీనికి ఏ అద్దమూ అక్కరలేదు" అని నవ్వింది.

మర్నాడు పదింటికి వెళ్లి కారు తెచ్చుకున్నాం. రెండు రోజులు కడగవద్దనీ, తలుపులు గట్టిగా వేయవద్దనీ, ఒక కిటికీ వేలెడు తెరిచి ఉంచమనీ చెప్పి పంపాడు. ఆవిడ దారంతా కళ్లు తెరుచుకునే కూర్చుంది.

ఒకటి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఫాస్టాగ్ పాత అద్దానికే అంటుకుని ఆటోనగర్లో ఉండిపోయింది, ఊడదీస్తే పనికిరాదు. ఆ వారంలో జంక్షన్ వెళుతూ పొట్టిపాడు టోల్‌గేటు దగ్గర రెట్టింపు కట్టాను.