పైకప్పులో సంధికార్యము



జిప్సం బోర్డుతో వేసిన ఫాల్స్ సీలింగులో పగులు గీటుకర్ర పెట్టి గీచినట్లు తిన్నగా ఉన్నచో, అది చాలవరకు రెండు బోర్డులు కలిసిన చోటే. సంస్కృతపు ‘సంధి’యే తెలుగున ‘సందు’ అయినది. కలయికకును ఖాళీకిని మూలము ఒకే మాట కావడము, హైదరాబాదులో మా అమ్మాయి ఇంటి పైకప్పు చూచిన పిదప నాకు వింతగా తోచలేదు.

అక్కడ హాలు నడుమ పగులు రెండేండ్లలో మూడు మార్లు వచ్చినది. ప్రతిమారు కాంట్రాక్టరు ఒక కుర్రవానిని పంపుట, అతడు పుట్టీ మెత్తి, రంగు వేసి సాయంత్రమునకే వెళ్ళిపోవుట. మూడవసారి ఆ కాంట్రాక్టరు “బిల్డింగు కుంగుతోందండీ, మేమేం చేస్తాం” అన్నాడు. ఇంకను పదునేడేండ్లు బ్యాంకు వాయిదాలు కట్టవలసిన ఇల్లు! మా అమ్మాయికి నిద్ర పట్టలేదు.

వేరొక మేస్త్రీని పిలిచితిమి. గోడలలో ఎక్కడను ఏటవాలు పగుళ్ళు లేవని చూపి, కుంగుడు మాటను ఆయన కొట్టివేసినాడు. అరచేతితో బోర్డును పైకి నొక్కినాడు. కదిలినచో ముందు స్క్రూలు బిగించవలెనట. పసుపు మరక ఉన్నచో నీరు ఎక్కడ కారుచున్నదో చూడవలెను. రెండును లేవు. పగులు వెంబడి గీకగా తెలిసినది, లోపల టేపే లేదు. పైనున్న ఇనుప చట్రము వేడికి సాగును, చలికి ముడుచుకొనును. ఆ లాగుడుకు వట్టి పుట్టీ తాళలేదు, టేపు తాళును.

వదులు పుట్టీ తీసి, దుమ్ము దులిపి, జాయింటింగు కాంపౌండు పలుచగా పరచి, అందులో రెండంగుళముల కాగితపు టేపును బుడగలు లేకుండ ఒత్తినాడు. మరునాడు దానికన్న వెడల్పుగా రెండవ పూత, ఆ మరునాడు ఇంకను వెడల్పుగా మూడవది. ఫ్యాక్టరీ అంచులు పలుచబడి ఉండును గనుక టేపు ఆ పల్లములో ఇముడును. కోసిన అంచులకు ఆ పల్లము లేదు. అక్కడ పూతను చాల దూరము పరచకున్నచో ఉబ్బు కనబడును. చివర ఉప్పు కాగితముతో తేలికగా రుద్ది, టార్చిని పక్కనుండి వేసి చూచినాడు. నున్నగా తోచిన చోటనే నీడలు! మరల రుద్దినాడు.

మూడు రోజుల పని అనగానే మా అల్లుడు ముఖము చిట్లించినాడు, ఆరుటకు కూడ కూలియా అని.

“ఆరే రోజుకు పైసలు అడుగుతలేను సార్, ఆగుమంటున్న, అంతే” అన్నాడు మేస్త్రీ.

మొదటి కుర్రవానిని నేను తప్పుపట్టను. ఒక్క పూటలో ముగించి రమ్మన్నవానిది ఆ పగులు.

ఒక వేసవి గడచినది. గీత మరల రాలేదు. అన్నట్లు, ‘ఉప్పు కాగితము’ నాకు చిన్ననాటి నుండి అలవాటైన మాట. మేస్త్రీ ‘పాలిష్ పేపరు’ అన్నాడు. మీ వైపు ఏమందురు?