నౌబాదులో విల్లు చేసిన వారం

హైదరాబాదు నుండి బీదరు వెళ్ళే మనవారు సాధారణంగా కోట చూస్తారు, మహమూద్ గవాన్ మదరసా చూస్తారు, ఝరణీ నరసింహస్వామి గుహలో రొమ్ములోతు నీళ్ళలో నడిచి స్వామిని సేవించుకొంటారు, సాయంకాలానికి తిరుగు బండి ఎక్కుతారు. పట్టణానికి పడమటగా ఉన్న నౌబాదులో దిగేవారు బహు తక్కువ. బస్సు కిటికీలోనుండి చూస్తే అక్కడ ఎర్రనేల, షెడ్లు, కొత్తగా లేచిన మేడలు తప్ప మరేమీ కనిపించవు. అక్కడ చూడదగినది నేలమీద లేదు. నేల లోపల ఉన్నది.

బహమనీ సుల్తాను అహమ్మద్ షా పదిహేనవ శతాబ్ది పూర్వార్ధంలో గుల్బర్గా నుండి రాజధానిని బీదరుకు మార్చాడు. ఊరు ఎర్రరాతి పీఠభూమి మీద ఉన్నది. ఈ రాయి బెజ్జాల రాయి. కురిసిన వాన దానిగుండా దిగి, అడుగున ఉన్న నల్లరాతిమీద నిలుస్తుంది. ఆ రెండు రాళ్ళు కలిసే చోటును పట్టుకొని, పారశీక దేశపు పద్ధతిలో సొరంగం తవ్వి, కొద్దిపాటి వాలుతో నీటిని ఊళ్ళకు నడిపించారు. దానినే కరేజ్ అంటారు. అక్కడివారు సురంగబావి అంటారు. గాలికోసం, మట్టి తోడిపోయటంకోసం వరుసగా నిలువు బావులు దింపారు. ఏ యంత్రమూ లేకుండా నీరు తనంతట తానే నడుస్తుంది. 2014లో ప్రపంచ స్మారకాల నిధి వారు రక్షించదగిన స్థలాల జాబితాలో బీదరు నగరాన్ని చేర్చిన తరువాత నౌబాదు కరేజ్ పేరు పదిమంది నోటా పడింది.

మా వియ్యాలవారి ఇల్లు నౌబాదులోనే. వారి తాతలనాటినుండి అక్కడివారే. 1956లో రాష్ట్రాలు విడిపోయినప్పుడు పాత బీదరు జిల్లాలోని జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతాలు మెదకు జిల్లాలో కలిసినవి. బీదరు మైసూరు రాష్ట్రానికి వెళ్ళింది. మేనమామలు ఒక రాష్ట్రంలో, మేనల్లుళ్ళు ఒక రాష్ట్రంలో మిగిలారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో ఉర్దూ, ఈ మూడూ అక్కడి పిల్లల నోట ఒక్క వాక్యంలోనే వినిపిస్తాయి.

దసరాకు పదిరోజుల ముందు అక్కడికి వెళ్ళాను. పదేళ్ళ మనుమడు బడి నాటకంలో రాముడు. బజారు విల్లు వాడికి నచ్చలేదు. "తాతా, అది వంగదు. వంగే విల్లు కావాలి," అన్నాడు. మా వియ్యంకుడుగారు వెనుక వీధిలో ఉన్న వృద్ధ వడ్రంగి దగ్గరకు తీసుకువెళ్ళారు. ఆయనది నారాయణఖేడు వైపు పల్లె. చిన్నతనంలో పని నేర్చుకోవటానికి వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. బండ్లు, నాగళ్ళు, కావడిబద్దలు చేసిన చేతులు. చిరుతల రామాయణం ఆడే బృందాలకు విండ్లు కూడా చేసి ఇచ్చేవాడట. ట్రాక్టర్లు వచ్చి బండిపని పోయింది. కొడుకులు కారఖానాలలో ఉద్యోగస్థులు. ఆయనకు చెయ్యి వణుకు. ఉలి పట్టి ఏళ్ళయింది.

"నేను చెయ్యలేను సారూ. చెప్పగలను. మీరు చేస్తరా?" అన్నాడు.

నాకు బాడిస పట్టిన అలవాటు లేదు. అయినా సరేనన్నాను.

ఆయన అటకమీదనుండి ఒక బద్ద దింపించాడు. చరచి కర్ర. ఉత్తరాదివారు ధామన్ అంటారు, కన్నడిగులు తడసలు అంటారు. సంస్కృతంలో దీని పేరు ధన్వనం. ధనుర్వృక్షమని కూడా అంటారు. అంటే విల్లే దీనికి పేరు పెట్టింది. పీచు పొడుగ్గా, నిటారుగా ఉండి, వంగి మళ్ళీ లేచే గుణం ఉన్నది కాబట్టి బండి నొగలకు, కావడిబద్దలకు, గొడ్డలి కామలకు దీన్నే కోరుకొంటారు. ఆ బద్ద కావడికోసం దాచినది. ఎన్నో ఏళ్ళు పొగచూరి, ఎండి, గంటలా మోగుతున్నది. "ఇది ఒక్కటే ఉన్నది. మళ్ళ తెస్తమంటే దొరకది," అన్నాడు. ఆ మాట ఆ వారమంతా నా చేతికి బరువుగా ఉండిపోయింది.

మొదటిరోజు బద్దను నిలువునా రెండుగా చీల్చాము. రంపం పెట్టనివ్వలేదు. రంపం తన దారిన పోతుంది, చీలిక పీచు దారిన పోతుంది అని ఆయన సిద్ధాంతం. రెండు భాగాలలో ఒకదాన్ని మళ్ళీ అటకెక్కించాడు. రెండవరోజంతా వీపు పని. విల్లు లాగినప్పుడు మనకు ఎదురుగా ఉన్న లోపలి ముఖం నలుగుతుంది, బయటి ముఖం సాగుతుంది. సాగే ముఖంమీద పీచు ఎక్కడ తెగితే అక్కడే విరుగుతుంది. కాబట్టి చెట్టు పెరిగిన వలయాలలో ఒకే వలయం ఈ కొసనుండి ఆ కొసవరకు చెక్కుచెదరకుండా నిలవాలి. దొరలను ఒక్కొక్కటే తీసి ఆ పొర వద్ద ఆగటానికి నాకు పూర్తిగా ఒక పగలు పట్టింది.

మూడవరోజు రంగుదారం కొట్టి నడిమి గీత వేశాము. విల్లు పొడవు ఎంత లాగుతామో దానికి రెండింతలకు పైన ఉండాలి. పిల్లవాడు 20 అంగుళాలు లాగుతాడు; నాలుగడుగులకు పైచిలుకు ఉంచాము. నడుమ పిడికెడు పట్టు దళసరిగా వదిలి, అక్కడనుండి కొసలవరకు వెడల్పూ మందమూ తగ్గించుకుంటూ పోవాలి. ఎట్లా తగ్గించాలని అడిగాను.

"సురంగబావిల నీళ్ళు ఎట్ల దిగుతయి? దిగినట్టే కనపడది. గట్ల దిగాలె," అన్నాడు.

ఆ సాయంకాలం కరేజ్ బావుల వరుస వెంట నడిచినప్పుడు ఆ మాట ఇంకా బాగా తెలిసింది. వాలు ఎక్కువైతే నీరు సొరంగాన్ని కోసివేస్తుంది; చాలకపోతే నిలిచిపోతుంది. విల్లులోనూ ఒక్కచోట పలచనైతే వంపంతా అక్కడే కూడి విరుగుతుంది.

మనకు విల్లు కథలకేమీ కొదువలేదు. శివధనుస్సు విరిచినవారిని గురించి పిల్లవానికి కూడా తెలుసు. దాన్ని చేసినవాడు విశ్వకర్మ అని వాల్మీకం చెబుతుంది కాని, ఆ మాట తలచుకొనేవారు తక్కువ. చేసే పని మటుకు లోకమంతటా ఒక్కటే. 1991లో ఆల్ప్స్ పర్వతాల మంచులో అయిదువేల ఏళ్ళకు పూర్వపు మనిషి శరీరం దొరికింది. అతని వద్ద ఉన్న ఆరడుగుల విల్లు పూర్తికానిది. చెక్కిన గాట్లు ఇంకా దానిమీద ఉన్నవి. 1911లో కాలిఫోర్నియాలో తన జాతివారందరినీ పోగొట్టుకొని ఒంటరిగా బయటపడిన ఇషీ అనే ఆదివాసి, సాక్స్‌టన్ పోప్ అనే వైద్యునికి విల్లు విద్య నేర్పాడు. 1916లో ఇషీ చనిపోయాడు. పోప్ 1923లో పుస్తకం వ్రాశాడు. ఆ విద్య ఆ దేశంలో మళ్ళీ చిగురించటానికి అది పెద్ద కారణమయింది. ఒకడు చెప్పకపోయినా, ఒకడు వినకపోయినా అంతటితో తెగిపోయేది.

నాలుగవరోజునుండి అసలు పరీక్ష. గోడకు ఒక మేకు, దానిమీద విల్లు పట్టు ఆనించి, పొడుగు తాడు కట్టి, కిందికి కొద్దికొద్దిగా లాగటం. ఆయన పది అడుగుల దూరాన నులకమంచంమీద కూర్చొని చూసేవాడు. చెయ్యి వణికినా చూపు వణకలేదు. "కుడి రెక్క మొద్దుగున్నది. ఇంకో జానెడు అవతల గీకు." గాజు పెంకుతో పది గీకులు, తరువాత ముప్పైసార్లు లాగటం, మళ్ళీ చూడటం. కట్టె కొత్త వంపుకు అలవాటు పడిన తరువాతనే దాని నిజం తెలుస్తుందట. గట్టిగా ఉన్న చోటనే గీకాలి; మెత్తబడిన చోటు జోలికి పోరాదు.

కింది రెక్కలో బఠాణీగింజంత కణుపు ఒకటి ఉన్నది. నేను దాన్ని చదును చేయబోతే ఆయన మంచంమీదనుండి లేచి వచ్చి నా మణికట్టు పట్టుకొన్నాడు.

"ఆగు బిడ్డా. దాని చుట్టు జెర కండ ఉండనియ్యి. అది బలహీనమున్న చోటు. ఎక్కువ పెట్టుకొని కాపాడాలె."

అంతవరకు నన్ను సారూ అంటున్నవాడు ఆ పూటనుండి బిడ్డా అనసాగాడు. అరవై దాటిన నాకు ఆ పిలుపు ఎంత హాయిగా ఉన్నదో చెప్పలేను.

అయిదవరోజు సగం లాగినప్పుడు విల్లు కిర్రుమన్నది. ఇద్దరమూ ఊపిరి బిగబట్టాము. ఆయన వేలితో వీపంతా తడిమి, చెవి ఆనించి, నూనె గుడ్డతో తుడిచి చూశాడు. నెర్రె లేదు, తాడు కొప్పువద్ద సర్దుకొన్న చప్పుడు. అయినా ఆ పూట పని చాలించమన్నాడు. కట్టె కూడా అలిసిపోతుందట.

ఆరవరోజున జనుపనారను మూడుపేటలుగా పేని, తేనెమైనం రాసి అల్లెతాడు చేశాము. కొసలకు గుండ్రటి ఆకురాయితో గాట్లు పెట్టాము. అవిసెనూనె మూడుసార్లు పట్టించాము. పూర్తి లాగుడులో రెండు రెక్కలూ సమంగా వంగి నిలిచినవి. ఆయన ఏమీ అనలేదు. విల్లును తీసుకొని, కణుపుమీద బొటనవేలు పెట్టి, చాలసేపు ఒళ్ళో ఉంచుకొన్నాడు.

తరువాత మనుమని పిలిచి మూడు నియమాలు చెప్పాడు. అమ్ము లేకుండా తాడు లాగి వదలరాదు. దానివల్ల విల్లు పగులుతుంది. ఎదుట మనిషి ఉంటే ఎక్కుపెట్టరాదు, మొండి అమ్మయినా సరే. ఆట ముగియగానే తాడు దించాలి.

2023లో హాంగ్‌చౌ ఆసియా క్రీడలలో మూడు బంగారు పతకాలు గెలిచిన మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ విల్లుకు కప్పీలున్నవి, లోహపు భాగాలున్నవి. దాన్ని చేసే కర్మాగారాలు వేరు. అది కావలసినదే. ఇంట్లో పిల్లవానికి మటుకు కట్టె ఎట్లా వంగుతుందో, ఎందుకు విరుగుతుందో చెప్పే పెద్ద ఒకడు కావాలి. దూరదేశాలలో ఉన్న మన కుటుంబాలు సెలవులకు వచ్చినప్పుడు బజారులో బొమ్మ కొనే ముందు, తమ ఊరి వడ్రంగి ఇల్లు ఎక్కడని ఒక్కసారి విచారించటం మంచిది. చెప్పగలవారు ఇంకా కొందరున్నారు.

బయలుదేరే పొద్దున ఆయన అటకెక్కించిన రెండవ బద్దను దింపించి నా చేతికిచ్చాడు. దానిమీద నడిమి గీత అప్పటికే వేసి ఉన్నది. దారం కొట్టిన చెయ్యి వణికినట్లుంది, గీత ఒకచోట కొంచెం అలలాడింది. "ఇది పోరడు చేస్తడు, నువ్వు మంచంమీద కూసోని చూడు," అన్నాడు.