‘ఈ’ అనడానికి పడ్డ పాట్లు

నాలుక అంచున పుండు వారాలు గడిచినా మానలేదు, కేన్సర్ అని తేలింది. మా నెల్లూరు వైపు ఇలాంటి జబ్బంటే మద్రాసే దిక్కు. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి అడయార్‌లో కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన నాటి నుంచీ ఎందరో ఆ దారి పట్టారు. నాకూ చెన్నైలోనే ఆపరేషన్ అయింది. నాలుకలో ఎడమ సగం తీసేసి, ముంజేతి చర్మాన్ని రక్తనాళాలతో సహా తెచ్చి అక్కడ కుట్టారు. ఆ అతుకు ఖాళీని నింపుతుంది, అంతే. దానికి రుచి తెలియదు, కదలికా లేదు.

హల్లులు చెడతాయని ముందే చెప్పారు. అచ్చులూ చెడతాయని నేను అనుకోలేదు. తిండి కోసం ముక్కులో పెట్టిన గొట్టం తీశాక ‘నీళ్లు’ అడిగితే ‘నేళ్లు’ అని వచ్చింది. నర్సుతో తమిళంలో నొప్పి చెప్పబోతే ‘వలి’ కాస్తా ‘వలె’ అయింది. మన తెలుగు మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కదా, ప్రతి మాటా చివర్లో జారిపోయేది. ఒక దుకాణంలో నన్ను తాగొచ్చాననుకున్నారు. ఆ రోజు ఏమీ కొనకుండానే తిరిగొచ్చాను.

స్పీచ్ థెరపిస్టు అద్దం ముందు కూర్చోబెట్టి విప్పి చెప్పింది. త, క అనేటప్పుడు నాలుక ఎక్కడో ఒకచోట తగులుతుంది. అచ్చుకు అంత ఆసరా లేదు, దాదాపు గాల్లోనే సరైన ఎత్తులో నిలవాలి. ‘ఈ’ అనాలంటే నాలుక ముందు భాగం అంగిలి దగ్గరిదాకా లేవాలి, పెదాలు పక్కలకు సాగాలి. గడ్డం ఎముక లోపలి నుంచి విసనకర్రలా విచ్చుకునే జీనియోగ్లాసస్ అనే కండరం నాలుకను ముందుకు లాగుతుంది. నాకది ఒక పక్కనే పనిచేస్తోంది. పెదాల చుట్టూ ఉండే కండరం దెబ్బతినలేదు కాబట్టి ‘ఊ’, ‘ఓ’ ముందే దారికొచ్చాయి.

‘ఆ’ సులువనుకున్నాను, నోరు తెరిస్తే చాలు కదా. కానీ రేడియేషన్ తర్వాత దవడ బిగుసుకుపోయింది. పళ్ల మధ్య ఐస్‌క్రీమ్ పుల్లలు దొంతరగా పెట్టి, ఒక్కొక్కటే పెంచుతూ నోరు తెరవాలి. కళ్లలో నీళ్లు తిరిగేవి. రేడియేషన్ కంటే ఈ పుల్లలే నన్ను ఎక్కువ ఏడిపించాయి.

‘ఈ’కి చివరకు దొరికిన ఉపాయం దవడే. నాలుక లేవదు కాబట్టి కింది దవడనే మరికాస్త పైకి తెచ్చి, పెదాలు బాగా సాగదీసి పలుకుతాను. నిదానంగా అంటే చెన్నైలోని ‘గిండీ’ పేరు గిండీలాగే వినిపిస్తుంది, తొందరపడితే మళ్లీ ‘గిండే’.

మాలాంటివాళ్లు మాట్లాడుతుంటే దయచేసి మాట అందించకండి. కాస్త ఆగితే మేమే పూర్తి చేస్తాం.