లోవెల్ మగ్గాల హోరులో...

"అమెరికా దాకా వచ్చి పత్తి మిల్లు చూడటమేంట్రా?" అన్నారు మావారు. ముప్ఫై ఏళ్లు పర్చూరు నల్లరేగడిలో పత్తి పండించిన మనిషి. సెలవుల్లో కూడా పత్తేనా అని ఆయన విసుగు. "ఒక్కసారి చూడండి నాన్నా" అంటూ మావాడు కారెక్కించాడు. బోస్టన్‌కి యాభై కిలోమీటర్ల దూరంలో, మెరిమాక్ నది ఒడ్డున ఉంది లోవెల్.

అక్కడ నది సుమారు పది మీటర్ల లోతుకి దూకుతుంది. ఆ నీటిని కాలువల్లోకి మళ్లించి, దాని బలంతో యంత్రాలు తిప్పి, 1820ల నుంచి బట్ట నేశారు. ఊళ్లోని కాలువల పొడవు దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. ఎటు చూసినా ఎర్ర ఇటుకల మిల్లులు, వాటి పక్కనే నీళ్లు.

చెవుల్లో దూది!

బూట్ కాటన్ మిల్స్ మ్యూజియంలో అడుగుపెట్టాం. పెద్ద హాల్లో 88 మరమగ్గాలు బారులు తీరి ఉన్నాయి. వాటిలో కొన్నింటిని ఇప్పటికీ నడిపి చూపిస్తారు. నాలుగైదు కదిలేసరికే కాళ్లకింద నేల అదిరింది. చీరాలలో చేతిమగ్గం చప్పుడు విన్నదాన్నే కానీ, ఇది చెవులు చిల్లులుపడే మోత! మాట వినపడక సైగలు చేసుకున్నాం.

ఈ హోరులో పనిచేసింది ఎక్కువగా పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు. వారానికి డెబ్భై గంటలకు పైనే పని. కూలి తగ్గించినందుకు 1834లో, వసతిగృహాల అద్దె పెంచినందుకు 1836లో సమ్మె కట్టారు. వాళ్ల రచనలతో 1840లో ఓ పత్రిక కూడా వచ్చింది. వాళ్లున్న వసతిగృహాన్నీ చూడొచ్చు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పారు. ఈ మిల్లులకి వచ్చిన పత్తి దక్షిణాదిలో నల్లజాతి బానిసలు తీసింది. 1861లో అంతర్యుద్ధం వచ్చి ఆ సరకు ఆగిపోయేసరికి ఇక్కడ చాలా మిల్లులు మూతపడ్డాయి. అప్పుడే ఇంగ్లండ్ వర్తకులు మనదేశపు పత్తి కోసం ఎగబడ్డారు. గుంటూరు, కృష్ణా సీమల పత్తికి 'కొకనాడా' అన్న పేరుండేది, కాకినాడ రేవు మీదుగా. ఆ మాట మావారే మనవడికి చెప్పారు. అప్పటికి విసుగు పోయింది. అక్కడున్న దూదిపింజని వేళ్లమధ్య లాగి పొడవు చూస్తున్నారు!

ఎవరి వాటా వాళ్లది

1920లలో మిల్లులు ఒక్కొక్కటే మూతపడి ఊరు చితికిపోయింది. కాలువలు పూడ్చేద్దామన్న మాటలూ వచ్చాయట. చివరికి 1978లో దీన్ని జాతీయ చారిత్రక పార్కు చేశారు. మ్యూజియం, గైడ్లు కేంద్రానికి చెందిన జాతీయ పార్కుల సంస్థవి. కాలువల సంరక్షణలో మసాచుసెట్స్ రాష్ట్ర శాఖకి వాటా ఉంది. నగరపాలక సంస్థా వాళ్లతో కలిసింది. పడవెక్కి లాకు దాటుతుంటే ఇందులో ఎవరిది ఏ శాఖో మాకు తెలియనే లేదు. చూడవచ్చినవాళ్లకి అదేకదా కావాల్సింది!

లాకులో నీరు నెమ్మదిగా పెరిగి పడవ పైకి లేచింది. "తాతయ్యా, మీ ఊళ్లో ఇలాంటిది ఉందా?" అన్నాడు మనవడు. "ఎందుకు లేదు? పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువ వెళ్లి బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది. ఉప్పూ ధాన్యమూ పడవల మీదే వెళ్లేవి" అన్నారాయన. "మరి అక్కడెవరు చెప్తారు?" అన్నాడు వాడు. ఆయన దగ్గర జవాబు లేదు.

తిరిగొచ్చాక ఓ సాయంత్రం ఇద్దరం పెదగంజాం వెళ్లాం. బకింగ్‌హాం కాలువకి ఆ పేరొచ్చింది 1877-78 కరవులో తిండికోసం మట్టి మోసిన కూలీల పని తర్వాతే. 2008లో ఈ రెండు కాలువలూ నాలుగో జాతీయ జలమార్గంలో చేరాయి. పడవ మాట ఎలా ఉన్నా, ఆ మట్టి మోసినవాళ్ల కథ చెప్పడానికి ఓ గది, ఓ మనిషి చాలు. "వచ్చే వేసవికి వాడొస్తాడుగా, నేనే చెప్తా" అన్నారు మావారు, గట్టుమీద కూర్చుంటూ.

వెళ్లాలంటే: బోస్టన్ నార్త్ స్టేషన్ నుంచి లోవెల్‌కి రైలుంది. పడవ షికారు వేసవిలోనే.