కంచరగాడిద నోరు విప్పితే

సంపాదకులు ఫోను చేసి, "డాక్టర్లు కదా, ఆరోగ్యం మీద ఏదన్నా రాయండి" అన్నారు. రక్తపోటు గురించీ ఉప్పు గురించీ పోయిన సంచికల్లో రాసినవారున్నారు. పైగా ఊరగాయ తగ్గించమని మేం రాస్తే మా ఇంట్లోనే నమ్మేవారు లేరు. అంచేత ఈసారికి గాడిద గురించి రాస్తున్నాం. సరిగ్గా చెప్పాలంటే కంచరగాడిద గురించి, ఇంకా సరిగ్గా చెప్పాలంటే సినిమాలో మాట్లాడే కంచరగాడిద గురించి. పాఠకులు మన్నించాలి.

మేమిద్దరం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదువుకున్నవాళ్లం. 2014లో ఈ దేశం వచ్చాం. రెసిడెన్సీ అయ్యాక, డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పనిచెయ్యాలన్న వీసా షరతు మీద 2017లో మిస్సోరీ రాష్ట్రంలో ఓ చిన్న ఊరికి చేరాం. మూడేళ్లూ ఎప్పుడో అయిపోయాయి, మేం మాత్రం అక్కడే ఉన్నాం. ఊళ్లో తెలుగిళ్లు మాతో కలిపి రెండు.

2023 మార్చిలో పాప స్కూల్లో టీచరు మమ్మల్ని పిలిచి మాట్లాడింది. పాప అప్పుడు కిండర్‌గార్టెన్. "చాలా మంచి పిల్ల, ఎవరినీ ఇబ్బంది పెట్టదు" అంది. మేం పొంగిపోయాం. ఆవిడ కాసేపు ఆగి, "ఇన్ని నెలల్లో నేను ఆ పిల్ల గొంతు విన్నది చాలా తక్కువ" అంది. అప్పటికీ మాకు ఎక్కలేదు. మనవైపు "నోట్లో నాలుక లేని పిల్ల" అంటే పెళ్లిచూపుల్లో సర్టిఫికెట్టు కదా! కారెక్కాక, వెనక సీట్లో పాప దారి పొడుగునా తెలుగులో గలగలా వాగుతూంటే, మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఏప్రిల్‌లో అమ్మమ్మ వచ్చింది. ఎవరి తల్లి అన్నది ఇక్కడ అనవసరం, ఇంటిల్లిపాదికీ ఆవిడ అమ్మమ్మే. ఇంగ్లీషు రాదు. టీవీలో ఏం వచ్చినా తనకి అర్థమైనట్టే చూస్తుంది, మధ్య మధ్య తీర్పులు చెబుతుంది. ఒక శనివారం ఊరి పబ్లిక్ లైబ్రరీకి వెళితే అక్కడ పెద్దావిడ పాప చేతిలో ఒక పాత సినిమా డీవీడీ పెట్టి, "ఇందులో వేషం వేసింది మన మిస్సోరీ అమ్మాయే" అంది. అట్టమీద చూస్తే కంచరగాడిద!

ఆ సినిమా పేరు "ఫ్రాన్సిస్". 1950లో యూనివర్సల్ వారు తీశారు. డేవిడ్ స్టెర్న్ అనే ఆయన 1946లో ప్రచురించిన నవల దానికి ఆధారం. ఆర్థర్ లూబిన్ దర్శకుడు, డోనాల్డ్ ఓ'కానర్ కథానాయకుడు. అసలు కథానాయకుడు మాత్రం ఫ్రాన్సిస్ అనే కంచరగాడిదే. తెరమీద మగది గానీ వేషం వేసింది మోలీ అనే ఆడది. మా రాష్ట్రంలోని డ్రెక్సెల్ ఊళ్లో 350 డాలర్లకు కొని హాలీవుడ్ తీసుకుపోయారు. గొంతు చిల్ విల్స్ అనే నటుడిది, కంకరరాళ్లు దొర్లినట్టుంటుంది. సినిమా ఎంత ఆడిందంటే 1956 వరకూ మొత్తం ఏడు తీశారు. గుర్రప్పందేల్లో ఫ్రాన్సిస్, మిలటరీ కాలేజీలో ఫ్రాన్సిస్, నౌకాదళంలో ఫ్రాన్సిస్. ఎన్టీ రామారావుగారి జానపదాలకు మనవాళ్లు క్యూ కట్టిన రోజుల్లోనే ఇక్కడివాళ్లు గాడిదకు క్యూ కట్టారన్నమాట. ఏడోది ఓ'కానర్ వెయ్యలేదు, లూబిన్ తియ్యలేదు, విల్స్ గొంతూ లేదు. చూడకపోయినా నష్టం లేదు.

తర్వాత ఈ లూబిన్‌గారే టీవీకి "మిస్టర్ ఎడ్" అనే మాట్లాడే గుర్రాన్ని తెచ్చాడు. అది 1961 నుంచి 1966 వరకూ నడిచింది. మోలీకి తర్ఫీదు ఇచ్చిన లెస్ హిల్టనే ఆ గుర్రానికీ గురువు. వేరుశనగ ముద్ద నోట్లో పెడితే గుర్రం పెదాలు ఆడించేదని లోకంలో ఒక కథ ఉంది. నిజానికి పెదవి కింద సన్నని నైలాను దారం పెట్టేవారట, దాన్ని వదిలించుకోడానికి అది మూతి కదిపేది. కొన్నాళ్లకి దారం అవసరం లేకుండానే, పక్కనున్న మనిషి మాట ఆపగానే అందుకోడం నేర్చుకుందట. మా ఆస్పత్రి మీటింగుల్లో ఇంకా కొందరికి రాని విద్య ఇది.

కథ ఇదీ. రెండో ప్రపంచ యుద్ధం, బర్మా అడవులు. స్టిర్లింగ్ అనే కుర్ర లెఫ్టినెంటు శత్రువుల మధ్య తప్పిపోతాడు. ఒక కంచరగాడిద అతనితో మాట్లాడి, వీపు మీద వేసుకుని తీసుకొచ్చి బతికిస్తుంది. "నిన్నెవరు కాపాడారు?" అని పైవాళ్లు అడుగుతారు. అబద్ధం ఆడడం చాతకాని వెర్రిబాగులవాడు, ఉన్నమాట చెబుతాడు. వెంటనే మానసిక రోగుల వార్డులో పడేసి బుట్టలల్లమంటారు. బయటికి వస్తాడు, గాడిద ఇంకో రహస్యం చెబుతుంది, అది పైవాళ్లకు పనికొస్తుంది. ఎవరు చెప్పారంటే మళ్లీ నిజం, మళ్లీ బుట్టలు.

బర్మా అనగానే అమ్మమ్మ కుర్చీ ముందుకు జరిపింది. మా కాకినాడవైపు ఓడెక్కి రంగం పోయినవాళ్లు లేని వీధి ఒకప్పుడు లేదు. అక్కడివాళ్లు మన తెలుగువాళ్లందరినీ కోరంగీలు అనేవారు, మా పక్కనున్న కోరంగి రేవు పేరు మీద. 1942లో జపానువాళ్లు రంగం పట్టుకున్నప్పుడు ఓడలు దొరకని వేలాదిమంది కాలినడకన బయల్దేరారు. అమ్మమ్మ వాళ్ల తాతగారు వాళ్లలో ఒకరు. ఆయనతో బయల్దేరిన తమ్ముడు మాత్రం దారిలో జ్వరంతో పోయాడు. ఈ సంగతి మాకు అప్పటిదాకా ఆవిడ చెప్పలేదు, మేం అడగలేదు. "మా తాతకి అలాంటి గాడిద ఒక్కటి దొరికుంటేనా!" అని ఊరుకుంది.

తర్వాత పాపకు సినిమా చెప్పడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు మాటలతో ఆవిడకి పనేముంది? గాడిద మూతి కదిలినప్పుడల్లా గొంతు బొంగురు చేసి, "ఏరా అబ్బాయ్, పుర్రెలో గుజ్జుందా? ఎదర జపానోళ్లున్నారు, ఎటు పోతున్నావ్?" అనేది. లెఫ్టినెంటు ప్రతిదానికీ "ఆయ్! ఆయ్!" అనేవాడు. గోదావరి జిల్లా లెఫ్టినెంటు! పాప కిందపడి దొర్లింది. ఆ సినిమా లైబ్రరీకి తిరిగిచ్చేలోగా ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు.

బుట్టల వార్డు వచ్చినప్పుడు మాత్రం మాకు నవ్వు రాలేదు. ఆ మిలటరీ డాక్టరు స్థానంలో మేమున్నా అదే రాసేవాళ్లం. అమ్మమ్మ ఒకటే ప్రశ్న వేసింది: "ఆ డాక్టరుకి అంత అనుమానంగా ఉంటే వెళ్లి గాడిదనే అడగచ్చు కదా?" రోగి చెప్పిందే కాదు, ఇంట్లోవాళ్లనీ అడగాలని మాకు పాఠం చెప్పిన ప్రొఫెసర్లు గుర్తొచ్చారు.

ఒక రాత్రి కూడా గుర్తొచ్చింది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది మా ఇద్దరిలో ఎవరో చెప్పం. ఈ ఇంట్లో ఎవరి తప్పయినా ఇద్దరిదీ. రెసిడెన్సీ మొదటి ఏడు. మోకాలి ఆపరేషనయిన మూడోనాడు ఒకావిడ ఊపిరందటం లేదంది. నాడి 120. ఊపిరితిత్తుల్లోకి రక్తపు గడ్డ పోయిందేమోనని మాకు తోచింది. సీనియరుతో అన్నాం. ఆయన "ఆందోళన, మందిచ్చి పడుకోబెట్టు" అన్నాడు. మేము అన్నది ఒక్కసారి, అదీ ప్రశ్నలా, అదీ గొంతు తగ్గించి. ఆ వారంలోనే ఒక నర్సు మా ఉచ్చారణ అర్థంకాక మూడుసార్లు మళ్లీ చెప్పించుకుంది. వీసా వాళ్ల చేతిలో ఉంది. రెండోసారి అనలేదు. తెల్లవారుజామున ఆవిడ పరిస్థితి విషమించాక స్కాన్ తీశారు. గడ్డే. తొమ్మిది రోజులు ఐసీయూలో ఉండి బతికింది. బతికింది గనక ఇది మీకు చెప్పగలుగుతున్నాం. మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. పైగా ఆ నెల రిపోర్టులో "వినయం గలవారు" అని రాశారు.

ఆలోచిస్తే, మన కథల్లో గాడిద ఎప్పుడు నోరు విప్పినా దెబ్బలే. పులితోలు కప్పుకున్నంతసేపూ చేలల్లో హాయిగా మేసింది, ఓండ్రపెట్టగానే చచ్చింది. దోసతోటలో నక్క వద్దంటున్నా పాటెత్తుకున్నది తన్నులు తింది. దొంగ వచ్చాడని చాకలిని లేపబోయినదానికీ అదే సన్మానం. వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లు పట్టుకున్నది కూడా అరవొద్దని బతిమాలుకోడానికే. ఈ కథలన్నీ మేం పాపకు చెప్పినవే. ఒక్కదాన్లోనైనా నోరెత్తిన గాడిద బాగుపడిందా అంటే లేదు.

మనవాళ్లనే అనడం కూడా అన్యాయమే. సినిమాలో బర్మా సరే, అసలు బర్మాలో 1944లో విమానాల్లో అడవుల్లోకి దింపిన చిండిట్ల దళాలకు వందల కంచరగాడిదలు ఉండేవి. అరిస్తే శత్రువుకు ఆచూకీ తెలుస్తుందని ముందుగానే మత్తిచ్చి వాటి స్వరతంత్రులు కోసేశారు. చేసింది పశువైద్యులే, చక్కగా కుట్లూ వేసి ఉంటారు. అవి మూగగా బరువులు మోశాయి, గాయపడ్డవాళ్లనీ మోశాయి. ఈ ముక్క చదివిన రాత్రి నిద్రపట్టలేదు. ఆరేళ్ల తర్వాత అదే అడవిలో గాడిద చేత మాట్లాడించి లోకాన్ని నవ్వించినవాళ్లకు ఇది తెలుసో లేదో.

పాపకిది చెప్పలేదు. కానీ ఆ నెలనుంచి ఇంట్లో "ష్, మెల్లిగా" అనడం మానుకున్నాం. పది రోజులకోసారి మర్చిపోయి అనేవాళ్లం, అమ్మమ్మ బొంగురుగొంతుతో మందలించేది.

ఒకరోజు పాప, "కంచరగాడిద అంటే ఏంటి?" అంది. తండ్రి గాడిద, తల్లి గుర్రం అని చెప్పాం. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62, దీనికి మధ్యస్థంగా 63 అని కూడా, డాక్టర్లం గనక, చెప్పాం. "అటు గుర్రమూ కాదు, ఇటు గాడిదా కాదు" అని అమ్మమ్మ తేల్చేసింది. పాప చాలాసేపు ఆలోచించి, "మరి ఇంట్లో ఏం మాట్లాడుతుంది?" అంది. మాకు జవాబు తట్టలేదు.

ఆగస్టులో సెడేలియాలో రాష్ట్ర సంతకు తీసుకువెళ్లాం. 1901 నుంచీ జరిగే తిరనాళ్లు అది. మిస్సోరీవారికి కంచరగాడిద అంటే తిట్టు కాదు, 1995లో దాన్ని రాష్ట్ర జంతువుగా చట్టం చేసుకున్నారు. ఎండకు అమ్మమ్మ ఫాన్ల కింద కూర్చుండిపోయింది. జడలల్లి, గిట్టలు మెరిసేలా తోమిన ఒక పెద్ద కంచరగాడిద ముందు పాప నిలబడింది. అది గడ్డి నములుతోంది. పాప ఎదురుచూసింది. మేం వెనకనుంచి "పదమ్మా" అనబోయి ఆగాం. పాప మాకు చెప్పింది: "అమ్మమ్మ ఇక్కడ లేదుగా, అందుకే." అని ఊరుకోక, పక్కనున్న ముసలి రైతు వైపు తిరిగి, ఇంగ్లీషులో, చుట్టుపక్కల నలుగురికీ వినపడేలా, "దీనికి నోరు నొప్పా?" అంది. ముక్కూమొహం తెలియని మనిషితో ఆ పిల్ల నోరు విప్పగా మేం వినడం అదే మొదలు. ఆ పెద్దమనిషి నవ్వలేదు. టోపీ వెనక్కి నెట్టి, "లేదమ్మా, పొద్దున దాణా వేళకి మాత్రం బోలెడు మాట్లాడుతుంది" అన్నాడు. సంతలో పాపకు అరచేతిలో పట్టేంత బొమ్మ కంచరగాడిద కొన్నాం.

సెప్టెంబరులో ఫోను వచ్చింది. ఒకటో తరగతి, కొత్త టీచరు. "కంగారుపడకండి" అంటూనే మొదలుపెట్టింది. పాప బొమ్మ పట్టుకుని అందరి ముందూ నిలబడి పది నిమిషాలు ఆపకుండా మాట్లాడిందట. ఆ కంచరగాడిద మా ఇంట్లో మాట్లాడుతుందనీ, తెలుగులో మాట్లాడుతుందనీ, దానికి బర్మా దారి తెలుసుననీ చెప్పిందట. పిల్లలు నవ్వితే కోప్పడిందట. "ఊహలుండడం మంచిదే, కానీ నిజంగా మాట్లాడుతుందని పట్టుబడుతోంది. స్కూలు కౌన్సిలరు చేత ఓసారి మాట్లాడిస్తే ఎలా ఉంటుందంటారు?"

లెఫ్టినెంటుగారి బుట్టలు మా కళ్లముందు మెదిలాయి. సినిమా ఆఖర్న జనరల్ స్వయంగా వచ్చి గాడిదను మాట్లాడమని హుకుం చేస్తాడు, అది మాట్లాడుతుంది.

"పాప చెప్పింది నిజమేనండీ, మాట్లాడుతుంది" అన్నాం. అవతల నిశ్శబ్దం. "ఉండండి, మీరే వినండి" అని ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్లాం. అమ్మమ్మ పప్పులో గరిటె వదిలి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది. ఎవరో చెప్పాం. గొంతు సవరించుకుని, బొంగురు చేసుకుని, ఫోనులో గట్టిగా మొదలుపెట్టింది:

"ఏవమ్మా పంతులమ్మా, బావున్నావా?"